గునపం పట్టని చేతులతో అడవి బాట పనికి వెళ్ళవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: వయసు నలభై దాటింది, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, జీవితంలో ఎన్నడూ గునపం పట్టలేదు. అయినా ఈసారి సెలవుల్లో ఒక వారం అడవి పార్కులో కాలిబాటలు బాగుచేసే స్వచ్ఛంద శిబిరానికి వెళ్ళాలని ఉంది. జట్టులో మిగతావారికి భారమవుతానేమోనని ఒక బెంగ, పని చేసేదీ మనమే, డబ్బు కట్టేదీ మనమే, ఇదేం లెక్క అని ఒక అనుమానం. చివర్లో, బూట్లు కొత్తవి కొనాలా అని ఒక చిన్న ప్రశ్న.

నేను ఇలాంటి శిబిరాలకు పదకొండుసార్లు వెళ్ళాను. చివరి నాలుగింటిలో జట్టు నాయకుడికి సహాయకుడిగా ఉన్నాను. మొదటిసారి బయలుదేరినప్పుడు నా పరిస్థితి మీకంటే మెరుగేమీ కాదు. కాబట్టి వెళ్ళండి అనే చెబుతాను. అయితే ఏ పనికి వెళుతున్నారో తెలుసుకుని వెళ్ళండి. అందరూ చెట్ల మధ్య పని అనుకుని వస్తారు. రెండో రోజుకు తెలుస్తుంది, మన పని అంతా నీళ్ళతోనని.

కాలిబాటను పాడుచేసేది మనుషుల పాదాలు అనుకుంటాం. పాదాలు చేసేది కొంతే. నేలను నొక్కి, నడిమధ్య చిన్న పల్లం చేస్తాయి. వాన పడి ఆ పల్లంలోకి నీరు చేరినప్పుడు అసలు నష్టం మొదలవుతుంది. వాలు మీద ఒకసారి దారి దొరికితే నీరు వదిలిపెట్టదు, బాటనే కాలువ చేసుకుంటుంది. ముందు మెత్తటి మట్టిని పట్టుకుపోతుంది, తర్వాత గులకను. చివరికి చెట్ల వేళ్ళు, పెద్ద రాళ్ళు పళ్ళు ఇకిలించినట్టు బయటపడతాయి. వాటిని తప్పించుకోవడానికి నడిచేవాళ్ళు పక్కన అడుగు వేస్తారు. అక్కడ గడ్డి చచ్చి నేల బయటపడుతుంది, నీరు అక్కడికీ వస్తుంది. అలా రెండడుగుల బాట కొన్నేళ్ళకు బండి దారంత వెడల్పవుతుంది. బురద కనిపిస్తే పక్క నుంచి పోకుండా మధ్యలోంచే నడవమని పార్కు వాళ్ళు బోర్డులు పెట్టేది ఇందుకే. ఎవరూ వినరనుకోండి.

నీరు బాట మీద ప్రయాణం చేయకూడదు, బాటను అడ్డంగా దాటి పోవాలి. శిబిరంలో మీ చేతికి వచ్చే పనుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. కొండవాలున సాగే బాట ఉపరితలం లోయ వైపుకు కొద్దిగా వంగి ఉండాలి. మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్ల వాలు చాలు. ఆ వాలు కంటికి ఆనదు, కాలికి తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది. కాలం గడిచేకొద్దీ పైనుంచి జారిన మట్టి బాట లోపలి అంచున పేరుకుంటుంది, బయటి అంచున చిన్న గట్టులాంటిది లేస్తుంది. ఆ గట్టు నీటిని లోయలోకి పోనివ్వకుండా బాట మీదే పరుగెత్తిస్తుంది. కొత్తగా వచ్చినవారికి మొదటి రోజు ఇచ్చే పని సాధారణంగా ఆ గట్టును చెక్కి, వాలును తిరిగి తీసుకురావడం. చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. సాయంత్రం ఫొటో తీసి ఇంటికి పంపితే 'ఇందులో ఏం చేశావు?' అని అడుగుతారు.

బాట నిట్టనిలువుగా ఎక్కే చోట ఈ వాలు ఒక్కటే సరిపోదు. అక్కడ దుంగనో రాళ్ళ వరుసనో బాటకు ఏటవాలుగా పాతుతారు. సూటిగా అడ్డం పెడితే నీరు అక్కడే ఆగి, మట్టిని దించి, నిండాక పైనుంచి దూకుతుంది. ఏటవాలుగా పెడితే దాని వెంబడే జారి పక్కకు పోతుంది. అయినా కొన్ని వానలకు దాని ముందర ఆకులు, మట్టి నిండిపోతాయి కాబట్టి ఏటా తవ్వి శుభ్రం చేయవలసిందే. ఈ బాధ పడలేక ఇప్పుడు చాలాచోట్ల దుంగల బదులు బాటనే అక్కడక్కడ కాస్త దించి మళ్ళీ ఎక్కిస్తున్నారు. ఆ పల్లంలో నీరు తనంతట తానే బయటకు మళ్ళుతుంది, కుళ్ళిపోవడానికి దుంగ ఉండదు. కొత్త బాట గీసేవారు పాటించే లెక్కలు కూడా రెండున్నాయి. బాట వాలు కొండవాలులో సగాన్ని మించకూడదు, మొత్తం మీద సగటు 10 శాతం దాటకూడదు. పాత బాటల్లో చాలా వాటికి ఈ లెక్క తెలియదు. శిఖరానికి దగ్గర దారి కావాలనుకున్న మనుషులు తొక్కిన బాటలవి. అందుకే వాటికి ఇంత మరమ్మతు.

నాకు ఇదంతా మాటల్లో ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. మూడో శిబిరంలో ఒక రోజు పొద్దుటినుంచి జోరు వాన. పని లేదు, గుడారంలో పడుకోవచ్చని సంతోషించాం. మా నాయకురాలు వానకోటు వేసుకుని వచ్చి, పనిముట్లు వద్దు, వట్టి చేతులతో రండి అంది. ముందు రోజు మేం బాగుచేసిన బాట మీదికే తీసుకెళ్ళింది. నేనూ ఇంకొకతనూ సగం రోజు చెమటోడ్చి తవ్విన నీటిదారి ఒకటుంది, దాన్ని చూసుకుని చాలా గర్వపడ్డాం. ఆ వానలో నీరు గోధుమరంగు పాములా వచ్చి, మేం తవ్విన నోటి దగ్గర ఒక్క క్షణం ఆగినట్టై, పక్కకు తిరగకుండా నేరుగా కిందికి పోయింది. నోరు వెడల్పుగానే తీశాం గానీ, బయటికి పోయే దారిలో ఒక వేరు అడ్డంగా ఉంటే దాన్ని వదిలేశాం. వేరు ఎత్తు నాలుగు వేళ్ళకు మించదు. నాయకురాలు ఏమీ అనలేదు. బూటు మడమతో ఆ వేరు పక్కన మట్టిని రెండుసార్లు గీసింది, నీరు మళ్ళింది. తర్వాత చేసిన శిబిరాలన్నిటిలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ రెండు గీతల దగ్గరే. మీరు వెళ్ళిన వారంలో వాన పడితే విసుక్కోకండి. బయటికి వెళ్ళి నీళ్ళను చూడండి. ఉరుములు మాత్రం ఉండకూడదు.

పనిముట్ల గురించి. పార, పలుగు, గునపం, గొడ్డలి పేర్లైనా మీకు తెలిసినవే. కొత్తగా కనిపించేవి రెండుంటాయి. ఒకటి పులాస్కీ. ఒక వైపు గొడ్డలి అంచు, రెండో వైపు మట్టి తవ్వే అడ్డపలుగు. వేళ్ళున్న నేలలో దీన్ని మించినది లేదు, ఇటు తవ్వి అటు తిప్పి వేరు నరకవచ్చు. 1910లో అమెరికాలోని ఐడహో అడవులు తగలబడినప్పుడు తన మనుషులను ఒక గని సొరంగంలోకి తీసుకెళ్ళి చాలామందిని బతికించిన అటవీ రేంజర్ ఎడ్ పులాస్కీ పేరు దానికి నిలిచింది. రెండోది మెక్‌లౌడ్. ఒక పక్క వెడల్పాటి రేకు, ఇంకో పక్క దంతెకు ఉన్నట్టు మొద్దుపళ్ళు. ఇదీ ఒక అటవీ రేంజర్ పేరే. రెండూ మంటలు ఆర్పేవారి చేతుల్లోంచి బాటలకు వచ్చాయి. బాట మట్టిని చదును చేసి, రేకు అడుగుభాగంతో తట్టి గట్టిపరచడానికి మెక్‌లౌడ్ పనికొస్తుంది. కొత్తవారు దానితో మొదలుపెట్టడం మంచిది, చేతికి తేలిక, తప్పు చేసినా పెద్ద నష్టం ఉండదు.

చెట్టు అడ్డంగా పడి ఉంటే యంత్రపు రంపం శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్నవారే పడతారు, మీకివ్వరు, మీరు అడగకూడదు కూడా. అమెరికాలో 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద రక్షించిన అడవుల్లోనైతే మామూలుగా మోటారుతో నడిచేవే వాడరు, ఇద్దరు చెరో వైపు పట్టుకునే పొడవాటి రంపంతో కోస్తారు. అవకాశం వస్తే దాని ఒక కొస పట్టుకుని చూడండి. రహస్యం ఒకటే, మీ వంతు వచ్చినప్పుడు లాగాలి, అవతలివారి వంతులో చేయి వదులుగా ఉంచాలి. సాయం చేద్దామని తోస్తే రేకు వంగి ఇరుక్కుపోతుంది. బాగా సాగుతున్నప్పుడు రంపపు పొట్టు పొడిలా కాకుండా సేమియాలా పొడుగ్గా రాలుతుంది.

పనిముట్టును భుజం మీద వేసుకుని నడవడం మనకు సహజంగా వస్తుంది. అక్కడ అలా చేస్తే వెంటనే ఆపుతారు. చేత్తో పట్టుకోవాలి, పదును కిందికి ఉండాలి, లోయ వైపున్న చేతిలో ఉండాలి. జారితే దాన్ని లోయ వైపుకు విసిరేసి కొండ వైపుకు పడాలని దాని భావం. పని చేసేటప్పుడు మనిషికీ మనిషికీ 3 మీటర్ల ఎడం ఉండాలి. ఒకరిని దాటి వెళ్ళాలంటే గట్టిగా చెప్పి, వారు చేయి ఆపి మీ కళ్ళలోకి చూశాకే కదలాలి. మొదటి రోజు ఇది నాటకంలా అనిపిస్తుంది. నాలుగో రోజు, అందరూ అలసి ఉన్నప్పుడు, ఇదే కాళ్ళను కాపాడుతుంది.

కొమ్మలు కొట్టడం గురించి రెండు ముక్కలు. బాటకు పక్కల నుంచి, పై నుంచి చొచ్చుకొచ్చిన కొమ్మలను మనిషి వీపు మీద సంచితో తగలకుండా పోయేంత మేర తీయాలి. చాలాచోట్ల కొలత సుమారు 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు. కొమ్మను సగంలో నరకకండి. మానుకు అంటుకున్న చోట ఉబ్బుగా కనిపించే మెడ ఉంటుంది, దానికి ఆనుకుని బయటివైపు కోస్తే చెట్టు గాయం మాన్పుకుంటుంది. చిన్న మొక్కను నేలకు జానెడు ఎత్తున కోసి వదిలితే అది శూలమే, ఎవరైనా తూలిపడితే గుచ్చుకుంటుంది. వేరుతో పీకాలి, లేదా నేలమట్టంగా కోయాలి. కోసిన చెత్తను బాట పక్కన కుప్ప వేయకూడదు, దూరంగా తీసుకెళ్ళి చెదరగొట్టాలి. పని బాగా జరిగిందనడానికి గుర్తు, పని జరిగినట్టు కనిపించకపోవడమే.

ఇక రాళ్ళు. మీకు ఏ పని నచ్చుతుందో నాకు తెలియదు గానీ, నాకైతే రాతిమెట్లు కూర్చే పనికి మించినది లేదు. నలుగురం కలిసి రోజంతా చేస్తే రెండు మెట్లు లేస్తాయి, ఒక్కోరోజు ఒకటే. ముందు అడవిలో రాయి వెతకాలి. చదునైన ముఖం ఒకటి ఉండాలి, కింద లావుగా ఉండాలి. బాటకు పైన ఉన్న రాయిని ఎంచుకునేవాడు తెలివైనవాడు, కిందినుంచి పైకి తేవడం ఎంత కష్టమో ఒకసారి తెస్తే తెలుస్తుంది. రాయిని ఎవరూ ఎత్తరు. గునపం కొన కింద చిన్న రాయి ఆనించి మీట వేస్తారు, జానెడు కదులుతుంది, కింద చెక్క పెడతారు, మళ్ళీ మీట. ఆ సమయంలో లోయ వైపు ఎవరూ నిలబడకూడదు. దొర్లే రాయికి అడ్డు పడాలన్న ఆలోచన కూడా రాకూడదు. అది పోతే పోనివ్వండి, అడవిలో రాళ్ళకు కరువా. రాళ్ళ మధ్య వేళ్ళు పెట్టవద్దని నాయకులు వందసార్లు చెబుతారు. నేను నూటొకటోసారి చెబుతున్నాను.

గుంటలో దింపిన రాయిలో ఎక్కువ భాగం నేల లోపలే ఉండాలి. అంత కష్టపడి తెచ్చిన రాయిని మూడింట రెండు వంతులు పూడ్చడం కొత్తవారికి ప్రాణం ఒప్పదు. పూడ్చాక దాని మీద ఎక్కి నాలుగు మూలలా ఊగి చూడాలి. కాస్త కదిలినా పైకి తీసి, అడుగున సర్ది, తిరిగి దింపాలి. చిల్లర రాళ్ళు దూర్చి కదలకుండా చేశామనుకుంటే మోసపోతాం, ఒక్క చలికాలం మంచు కట్టి కరిగితే అవి బయటికొస్తాయి. ఒకసారి ఒకే రాయిని ఐదుసార్లు తీసి పెట్టాం. ఐదోసారి దానిమీద నిలబడి ఊగినప్పుడు మా జట్టులో ఒకావిడ, 'నా ఉద్యోగంలో ఇరవై ఏళ్ళలో ఏదీ ఇంత గట్టిగా నిలబడలేదు' అంది. ఆవిడ కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది.

మీ బెంగ సంగతికి వస్తాను. జట్టుకు భారమయ్యేది బలం లేనివారు కాదు, మొదటి రోజే తమ బలం చూపించాలనుకునేవారు. మొదటి శిబిరంలో నేనే అలాంటివాణ్ణి. తొలి పూట పలుగుతో చెలరేగిపోయాను. మధ్యాహ్నానికి రెండు అరచేతులా బొబ్బలు, మర్నాటికి నడుం వంగలేదు, మూడో రోజు గుడారం దగ్గర కూర్చుని గిన్నెలు తోముతూ గడిపాను. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల పని ఉంటుంది, దానికి తోడు పని చోటికి నడక. పక్కవారితో మాట్లాడుతూ చేయగలిగినంత వేగమే మీ వేగం. ఊపిరి అందక మాట ఆగిందంటే ఎక్కువైనట్టు. అరగంటకోసారి పని మార్చుకోండి, తవ్వేవారు చదును చేయడానికి, చదును చేసేవారు కొమ్మలకు. తోలు చేతితొడుగులు మొదటి నిమిషం నుంచే వేసుకోండి, అరచేయి ఎర్రబడ్డాక కాదు. ఇంకో రెండు నెలలు గడువుంటే జిమ్ము కంటే మెట్లెక్కడం మేలు, వీపున బరువుతో, వారానికి నాలుగైదు రోజులు.

ప్రమాదాల్లో నేను ఎక్కువగా చెప్పేది పైన వేలాడే ఎండుకొమ్మల గురించి. భోజనానికి కూర్చునే ముందు, గుడారం వేసే ముందు తల ఎత్తి చూడండి. విరిగి చెట్టు కొమ్మల్లో చిక్కుకున్నది గాలి లేకపోయినా పడుతుంది. హెల్మెట్ ఇస్తే ఉక్కగా ఉందని తీయకండి. రెండోది నేలలో కందిరీగల గూళ్ళు. పలుగు దెబ్బ తగిలిందా, పనిముట్టు అక్కడే పారేసి పరుగెత్తాలి, దానికోసం వెనక్కి రాకూడదు. కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు లేచే తత్వం మీకుంటే ముందే నాయకుడికి చెప్పండి, మందు ఎక్కడుందో కూడా చూపించండి. పిడుదులు ఉన్న అడవైతే ప్రతి సాయంత్రం మోకాళ్ళ వెనుక, చంకల్లో, జుట్టులో వెతుక్కోవాలి. కనిపిస్తే సన్నని చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నేరుగా లాగాలి, కాల్చడం, నూనె పూయడం వద్దు. నూలు బట్టలు తడిస్తే ఆరవు, కొండల్లో వానా గాలీ కలిసినప్పుడు ఒంట్లో వేడి లాగేస్తాయి, వేసవిలో కూడా. ఉన్ని లేదా త్వరగా ఆరే బట్టలు తీసుకెళ్ళండి. పాములు, ఎలుగుబంట్ల గురించి అందరూ అడుగుతారు. పదకొండు శిబిరాల్లో మాకు జరిగిన గాయాలన్నీ పనిముట్లు, రాళ్ళు, మా తొందరపాటు వల్ల జరిగినవే.

డబ్బు ఎందుకు కట్టాలన్న మీ ప్రశ్న న్యాయమైనది. కొన్ని శిబిరాలు ఉచితం, కొన్ని రుసుము తీసుకుంటాయి, ప్రయాణం మాత్రం ఎక్కడైనా మన ఖర్చే ఉంటుంది. ఆ రుసుము భోజనానికి, పనిముట్లకు, నాయకుల శిక్షణకు, ప్రథమ చికిత్స ఏర్పాట్లకు పోతుంది. నాకు మొదట్లో మింగుడు పడలేదు. నాయకుడి సహాయకుడినయ్యాక తెలిసింది, పది మంది కొత్తవారిని వారం రోజులు అడవిలో పెట్టి క్షేమంగా తిరిగి పంపడం ఎంత పనో. స్వచ్ఛంద సేవతో ఏమవుతుందని అనుకోకండి. అమెరికాలో 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ బాటను 1921లో బెంటన్ మెకై ప్రతిపాదిస్తే, 1937కు ఒక కొస నుంచి ఇంకో కొసకు పూర్తయింది. దాని నిర్వహణ ఈనాటికీ ఎక్కువగా స్వచ్ఛంద బాట సంఘాల చేతుల మీదే నడుస్తోంది.

అయితే డబ్బు కట్టే ముందు నిర్వాహకులకు ఫోను చేసి అడగండి. మకాం నుంచి పని చోటికి ఎంత దూరం, ఎంత ఎక్కుడు? బస గదుల్లోనా, వాహనం వచ్చే చోట గుడారాల్లోనా, లేక సామాను వీపున మోసుకుని లోపలికి పోవాలా? మొదటిసారికి మూడోది వద్దని నా సలహా. గాయమైతే బీమా ఎవరిది, దగ్గరి ఆసుపత్రికి ఎంతసేపు? గత ఏడాది అదే చోట జట్టు ఏం పని చేసింది? చివరి ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పేవారిని నమ్మవచ్చు. 'అందమైన అనుభవం' అని తప్ప పని గురించి ఏమీ చెప్పలేని చోటికి ఒకసారి వెళ్ళాను. ఐదు రోజుల్లో మాకు దొరికిన పని ఒక బెంచీకి రంగు వేయడం. వేరే దేశానికి వెళ్ళేటట్టయితే, మీ వీసా మీద జీతం లేని పని అయినా చేయవచ్చో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి, సరిహద్దు దగ్గర వాదించే విషయం కాదది.

మకాం జీవితం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వంట వంతులవారీగా, గిన్నెలు వంతులవారీగా. వాగు నీటిని వడగట్టో మరిగించో తాగాలి. మరుగుదొడ్డి లేని చోట నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి, తర్వాత పూడ్చాలి. చెవుల్లో పెట్టుకునే దూది తీసుకెళ్ళండి. అలసిన మనుషులు ఎంత గట్టిగా గురక పెడతారో మీకింకా తెలియదు.

బూట్లు కొనండి, కానీ ఈ వారమే కొనండి. చీలమండ కప్పేవి, అడుగు మందంగా ఉన్నవి, బొటనవేలు ముందు కాస్త ఖాళీ ఉన్నవి. ఇంట్లో, వీధిలో, మెట్ల మీద నెల రోజులు తొడిగి, మడమ ఎక్కడ ఒరుసుకుంటుందో ఇక్కడే తెలుసుకోండి. శిబిరానికి బయలుదేరే ముందు రాత్రి అడుగు గాళ్ళలో ఇరుక్కున్న మట్టిని బ్రష్షుతో తోమి పూర్తిగా కడిగేయండి. ఆ మట్టిలో వచ్చే కలుపు విత్తనాలు ఆ అడవివి కావు. వచ్చే ఏడాది ఇంకొక జట్టు వాటిని పీకుతూ కూర్చోవలసి వస్తుంది. నేను ఆ పనీ చేశాను, చాలా విసుగు.